నల్లా దగ్గర తిట్లు

సంఘంలో ఇప్పుడు నా కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంటోంది. చురుకైన పిల్ల. కంప్యూటర్ ముందు పెట్టుకుని నెమ్మదిగా పని చేసుకుపోతుంది, నాలాగా గొంతు చించుకోదు. మొన్న బజారులో కనబడి ఆపింది. "అంకుల్, ఖోలీ కోసం అచ్చినోళ్ళందరు మేము తెలుగోళ్ళమే, ఇంట్ల తెలుగే మాట్లాడ్తమంటున్నరు. ఎవలది నిజమో మీరెట్ల తెలుసుకుంటుండె?" అని అడిగింది. కూరగాయల సంచీ పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదు కనుక రాసిస్తానన్నాను. ఇంటికొచ్చాక ఎందుకన్నానా అనిపించింది. ఈ వయసులో రాయడానికే కాదు, గుర్తు చేసుకోవడానికి కూడా ఓపిక చాలడం లేదు. కానీ మాటిచ్చాను. నాలాంటి ఉద్యోగంలోకి రాబోయే మిగతా పిల్లలు కూడా చదివితే చదవనీ, లేకపోతే లేదు.

పద్మనగర్‌లో మా సంఘానికి మూడు వరుసల చాళ్ళున్నాయి. ఒక్కో కుటుంబానికి ఒక్క ఖోలీ. అందులోనే వంట, అందులోనే పడక, మూలన స్నానానికి చిన్న మోరీ. నీళ్ళ నల్లా మాత్రం బయట, వరుసకొకటి. తెలంగాణ నుంచి ముంబై దగ్గరి భివండికి వచ్చి సాంచాలు నడిపిన మొదటి తరం వాళ్ళు, అంటే మరమగ్గాల మీద రాత్రీ పగలూ నిలబడ్డవాళ్ళు, తలా కొంత వేసుకుని కట్టిన గదులివి. కట్టేటప్పుడే ఒక పట్టుదల పెట్టుకున్నారు. బయట కిరాయిలు ఎంత పెరిగినా ఇక్కడ పెంచకూడదు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకే ఖోలీ ఇవ్వాలి. మనవాళ్ళు ఒకచోట ఉంటేనే తెలుగు బడికి పిల్లలు వస్తారు, లేకపోతే ఒక్కొక్కరే విడిపోయి బజారు హిందీలో కలిసిపోతారని వాళ్ళ భయం. ఆ భయం వట్టిది కాదని ఇప్పుడు మా ఇంట్లోనే తెలుస్తోంది. అన్నానికి పిలిస్తే నా మనవడు "ఆతా హూ తాతా" అంటాడు. తాత ఒక్కటే మిగిలింది తెలుగులో.

నేను ఆ సంఘానికి మేనేజరును. పేరు గొప్ప. చేసేది కిరాయి వసూలు, కారే కప్పులు, మూసుకుపోయిన మోరీలు, గోడ పక్కన గోడ ఉన్నవాళ్ళ తగాదాలు. మేము చర్చికి పోయేవాళ్ళం, సంఘం కట్టినవాళ్ళు గుడికి పోయేవాళ్ళు. నన్ను పెట్టుకునేటప్పుడు కమిటీలో ఒకాయన "మనోడేనా?" అని అడిగాడట. చాళ్ళు కట్టిన తరంలో అప్పటికి మిగిలిన ఒక్క పెద్దాయన, "ఏ గుడికి పోతే మనకేంది? ఇందాక గడప తగిలి బొటనేలు చిట్లితే ఏమన్నడో ఇన్న. ఓ అవ్వా అన్నడు. మనోడే" అన్నాడట. నా ఉద్యోగం అట్లా బొటనవేలి పుణ్యమా అని వచ్చింది.

పని నేర్పింది కూడా ఆ పెద్దాయనే. మొదటి వారంలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "అడిగితే అందరు తెలుగే అంటరు బిడ్డా. గందుకే అడగకు. నల్లా అచ్చే యాళ్లకు వాళ్ళున్న కాడికి పోయి నిలవడు. తల్లి పిల్లల్ని ఏ భాషల తిడ్తదో సూడు. ముద్దు ఏ భాషలనన్న చేస్తరు. తిట్టు మాత్రం ఇంటి భాషలనే అస్తది."

ఇదండీ మా పద్ధతి. నవ్వకండి. ఏళ్ళ తరబడి ఈ పద్ధతి మీదే ఖోలీలు నిండాయి. దరఖాస్తు వచ్చిన వారంలో, పొద్దున నీళ్ళొచ్చే సమయానికి, చెప్పకుండా వెళ్ళేవాణ్ణి. తోడు మా మిస్త్రీ. నల్లాలు, తలుపులు, కప్పులు అన్నీ బాగుచేసే మనిషి. సోలాపూర్ దిక్కు నుంచి వచ్చాడు కాబట్టి అతని నోట్లో తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ఒకే కంచంలో కలుపుకు తిన్నట్టు ఉండేవి. ఎవరైనా తల్లి మరీ నెమ్మదస్తురాలై ఎంతసేపటికీ నోరు విప్పకపోతే, "సాబ్, జర ఆగు. వాల్ బంద్ చేస్త, తమాషా సూడు" అనేవాడు. నీళ్ళు ఆగిపోగానే ఎంతటి సాధువు నోట్లోంచైనా ఇంటి భాష ఊడిపడేది.

ఉగాదికి వేదికెక్కి పద్యాలు పాడే ఒకాయన దరఖాస్తు ఆ పరీక్షలో పోయింది. బిందె దొర్లితే భార్యాభర్తలిద్దరూ "అరే అంధా హై క్యా" అని ఒకేసారి హిందీలో అరిచారు. ఇంకొకామె, ఎంత చూసినా పెదవి కదపని మనిషి, మిస్త్రీ వాల్ తిప్పాక నల్లా వైపు చూసి "సచ్చినావే?" అని మెల్లగా అంది. ఆ ఒక్క మాటకే ఖోలీ ఇచ్చాం. ఇప్పటికీ అందులోనే ఉన్నారు, పిల్లలు తెలుగే మాట్లాడుతున్నారు. పద్ధతి తప్పు కాదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికే ఇదంతా.

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మూల ఖోలీ ఖాళీ అయింది. మూలది కాబట్టి రెండు కిటికీలు, గాలీ వెలుతురూ. అందరి కన్నూ దాని మీదే. గట్టిగా నిలబడ్డ దరఖాస్తులు రెండు. ఒకటి మా అధ్యక్షుడి భార్య తరఫు చుట్టానిది, ఊరి బయట పూర్ణలో గోదాం సూపర్‌వైజర్. రెండోది ఒక సాంచా కార్మికుడి భార్యది. భర్త ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. సాంచా షెడ్డు మీదున్న సేటుగారి గదిలో ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఆ గది పనివాళ్ళకని కట్టింది, మనిషి పోయాక ఇంకొక పనివాడు రావాలి కదా. వానలు తగ్గేలోగా ఖాళీ చెయ్యమని సేటు చెప్పేశాడు. ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది. బయట డిపాజిట్ కట్టే తాహతు లేదు. ఆ ఖోలీ దొరికితే పద్మనగర్‌లో ఉంటుంది, పిల్లలు తెలుగు బడిలో ఉంటారు. దొరక్కపోతే ఎక్కడికి పోతుందో ఆమెకే తెలియదు.

ముందు గోదాం సూపర్‌వైజర్ ఇంటికి వెళ్ళాను. అది ఫ్లాటు. ఫ్లాట్లతో మా పద్ధతికి వచ్చిన చిక్కేమిటంటే నల్లా ఇంట్లోపల ఉంటుంది, తిట్లు బయటికి రావు. మిస్త్రీ తిప్పడానికి వాల్ కూడా ఉండదు. సోఫాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఇల్లాలు ఫోన్‌లో మునిగిన కొడుకును తట్టి, "బేటా, అంకుల్ కో నమస్తే బోలో" అంది. ఆయన మాత్రం "పిల్లలకు తెలుగు వాతావరణం కల్పించాలని మా సంకల్పం సార్" అన్నాడు. ఇంట్లో ఎవరూ వాడని మాటలు ఆయన నోట్లో ఇస్త్రీ చేసినట్టున్నాయి. చాయ్ మాత్రం బాగుంది.

ఆ మర్నాడు పొద్దున మిస్త్రీని తీసుకుని ఆ సాంచా షెడ్డుకు పోయాను. సన్నగా వాన పడుతోంది. లోపల సాంచాల మోతలో పక్కమనిషి మాట వినబడదు. మెట్ల కింద నల్లా, దానికి బిందెల వరుస. అంత మోతలోనూ మేడ మీద నుంచి ఒక గొంతు దిగింది.

"ఓ పిల్లా! బిందె నిండి పారుతాంది, కండ్లు నెత్తికెక్కినయా? గా పోరడు యాడ సచ్చిండు? బకెట్ అందుకోరా అంటే ఆటలకు పోయిండా? రానీ ఇంటికి, ఈపు సాఫ్ చేస్త!"

కింద నుంచి కూతురు, "అస్తున్ననే అమ్మా! ఎందుకు గట్ల ఒర్రుతవ్!" అని బదులిచ్చింది.

మిస్త్రీ నా మొహంలోకి చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "వాల్ జరూరత్ లేదు సాబ్. గీమె పక్కా."

నాకు కూడా పొద్దున్నే కడుపు నిండినట్టయింది. అట్లాంటి తిట్టు విని ఎన్నాళ్ళయిందో. మా అమ్మ తిట్టినట్టే ఉంది, ఆ 'ఒర్రుడు', ఆ అరుపు అదే. ఆమె మెట్లు దిగి వచ్చి మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది.

"ఎవలు గావాలె సార్?"

"నీ గురించే అచ్చినమమ్మా. సంఘం మేనేజర్ను."

"అయ్యో దేవుడా! నేను ఒర్రుకుంట ఉన్న, ఇన్నరా మీరు?"

"ఇందామనే అచ్చిన."

ఆమెకు అర్థం కాలేదు. పైకి తీసుకెళ్ళి పీట వేసింది. గది ఒక మూలంతా కండెల బుట్టలే. మాటల్లో మాటగా నేను, మనవైపు ఆడమనిషిని ఎవరైనా మొదట అడిగే మాటే, "తల్లిగారిది ఏ ఊరు?" అన్నాను.

"వాడా కాడ పల్లె సార్."

"ఏ వాడా? ఈ భివండి పక్క వాడానా?"

"ఔ సార్. ఇగో ఈ రోడ్డు మీద పోతే అస్తది. నేను మరాఠీ పిల్లనే. మా ఆయన, నేను ఒక్క కాడ పని చేస్తుంటిమి. చేసుకున్నం."

తెలుగు ఎట్లా వచ్చిందని అడిగితే నవ్వింది. "మా అత్త సార్. ఆమెకు మరాఠీ రాదు, నాకు తెలుగు రాదు. పొద్దుగాల లేస్తే తిట్టుడే. బియ్యం ఎక్కువ పోస్తే తిట్టు, తక్కువ పోస్తే తిట్టు. నేను మొదలు తిట్లే నేర్సుకున్న. అన్నం పెట్టు, నీళ్ళు తే అనుడు తర్వాత అచ్చింది. తిట్టి తిట్టి ఆఖరికి నన్ను బిడ్డా అన్నది. పోయేముందు రెండు నెలలు నా చేతులనే ఉన్నది. ఇప్పుడు నాకు కోపమస్తే మరాఠీ రానే రాదు. నోరు తెరిస్తే మా అత్తే అస్తది."

మెట్లు దిగుతుంటే మిస్త్రీ గొణిగాడు. "తల్లిగారి ఊరు అడగకుంటే ఏం పోతుండె సాబ్?" అడిగేశాను, ఇంకేం చేయను. కమిటీ కూడా అదే అడుగుతుందని నాకు తెలుసు. అందుకే మీటింగుకు ముందు రోజు ఆమెను కలిసి, "అధ్యక్షుడు ఏ ఊరని అడుగుతడు. నీ అత్తగారి ఊరు చెప్పు. అబద్ధమేం కాదు, పెండ్లయినంక అదే నీ ఊరు. తల్లిగారి మాట తీయకు" అని గట్టిగా చెప్పాను.

ఆమె కండె మీద చెయ్యి ఆపింది. "అబద్ధం చెప్పరాదని కాదు సార్. మా ఆయన పోయినంక నేను తిన్ననని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిన్నో. కని మా అవ్వ ఇంకా బతికే ఉన్నది. ఆమె లేదన్నట్టు ఎట్ల చెప్పాలె?"

"లేదని చెప్పమంటలేనమ్మా, చెప్పకు అంటున్న."

"అడిగితే?" అంది.

అడగకపోతే బాగుండునని దేవుణ్ణి కోరుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడుతూ, "ఊరోళ్ళ ఆడోళ్ళ తిట్లు ఇని ఇని ఇంట్ల తిట్లు చెవుల వడ్తలేవు నీకు. ఉప్పు ఎక్కువైందంటే గూడ చప్పుడు లేదు" అని దెప్పింది. నిజంగానే ఆ పూట ఏం తిన్నానో గుర్తులేదు.

ఆదివారం సంఘం హాల్లో మీటింగ్. చర్చి అయ్యాక నేరుగా వచ్చేశాను. ముందు గోదాం ఆయన్ను పిలిచారు. ఇంటిపేరు, తాత పేరు, ఊరు, ఆ ఊళ్ళో ఎవరి వాకిలి పక్కన వాకిలి, అన్నీ టకటకా చెప్పాడు. భార్య తల్లిగారి ఊరు కూడా ఆ పక్కదే. సభ్యులకు ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరు ముగ్గురు ఆ ఊరి దారులు తలుచుకుంటూ కూర్చున్నారు. నేను ఆ ఇంట్లో విన్న "బేటా" గురించి చెబితే అధ్యక్షుడు, "గా మాత్రం మనందరిండ్లల్ల లేదా?" అన్నాడు. ఉంది.

తర్వాత ఆమె వచ్చింది. పిల్లలిద్దరినీ గుమ్మం దగ్గర నిలబెట్టి తను లోపలికొచ్చి నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మొదటి మాటలన్నీ బాగానే జరిగాయి. ఆమె తెలుగు విని ఒకరిద్దరు తలలూపారు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు అధ్యక్షుడు, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా, ఆడకూతురిని పలకరించినట్టే అడిగాడు. "తల్లిగారిది ఏ ఊరు బిడ్డా?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. "వాడా కాడ పల్లె. మేము మరాఠోళ్ళం" అంది.

హాలు చల్లబడిపోయింది. ఒకాయన "అయితే మరాఠోళ్ళ బిడ్డవా?" అని మళ్ళీ అడిగాడు, మొదటిసారి చెవిటివాడైనట్టు. అధ్యక్షుడు చేతిలో పెన్ను కింద పెట్టాడు. ఆయన చెడ్డ మనిషి కాడు, అది రాయకపోతే తప్పవుతుంది. బట్టల దుకాణం లాభంలోంచి ప్రతి ఏడూ బడి పిల్లలకు యూనిఫాంలు కుట్టించేవాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "నాకు నీ మీద కోపం లేదమ్మా. కని మా అయ్యలు రెక్కలు ముక్కలు చేసుకొని ఇవి కట్టింది మనోళ్ళ కోసం. మీ ఆయన ఉంటే ఏరే మాట. ఇప్పుడు ఆయన లేడు. రేపు నీ తల్లిగారోళ్ళు అస్తరు పోతరు, పిల్లలు మేనమామల దిక్కు వంగుతరు. మూడేండ్లకు ఆ ఇంట్ల తెలుగుంటదా?"

నేను లేచాను. అప్పటికే నా గొంతు పెరిగిపోయింది, ఆగలేదు. "ఉంటదా అని అడిగేది ఊరును జూసి కాదు. పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి ఇది. తల్లి ఏ భాషల తిడ్తదో అదే ఇంటి భాష. నేను పోయి నల్లా కాడ నిలవడ్డ, నా చెవులార ఇన్న. ఈమె తిట్టినట్టు ఈ చాళ్ళల్ల ఎవలన్న తిడ్తరా? మీ ఇంట్ల తిడ్తరా? నా ఇంట్ల నా కోడలు తిడ్తదా?"

అందరూ ఘొల్లున నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వు ఆపుకోలేక, "ఏందయ్యా మేనేజరూ, ఇగ తిట్లకు ఖోలీలిస్తమా?" అన్నాడు. ఆ నవ్వులో ఎవరో, ఎవరో చెప్పను, ఆయన ఇప్పుడు లేడు, "అయితే తిట్టుమనుండ్రి. ఏదీ, ఒక తిట్టు తిట్టమ్మా ఇందాం. మంచిగ తిడితే ఖోలీ నీదే" అన్నాడు.

నవ్వు ఆగింది. అందరూ ఆమె వైపు తిరిగారు. నేను మాత్రం, తిట్టమ్మా, తల్లీ, ఒక్క తిట్టు తిట్టు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఆ పొద్దున వాన్లో విన్న దానిలో సగం తిట్టినా చాలు, వీళ్ళ నోళ్ళు మూతబడతాయి. ఆమె పెదవులు కదిలాయి కూడా. మా అందరి మొహాలూ వరసగా చూసింది.

"నా పిల్లలైతే తిడ్త. మా ఆయనుంటే తిడుదు. మీరు నాకేమైతరని మిమ్మల్ని తిట్టాలె?"

ఆ మాట అని, దండం పెట్టి, గుమ్మం దగ్గరి పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్లల చెప్పుల చప్పుడు మెట్ల మీద చివరిదాకా వినబడింది. అడిగిన మనిషి తల దించుకున్నాడు. అధ్యక్షుడు చాయ్ తెప్పించాడు, చాయ్ తాగాక చేతులెత్తారు. ఖోలీ గోదాం ఆయనకు పోయింది.

నేను తాళాల గుత్తి బల్ల మీద పడేసి ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి తీసుకున్నాను, చిన్న కొడుకు పెళ్ళి చెయ్యాల్సిన ఏడాది అది. మిస్త్రీ మాత్రం ఆ తర్వాత ఎవరింటి ముందూ వాల్ తిప్పలేదు. "ఇగ నాతోని కాదు సాబ్. తిట్టినా ఇయ్యరు, తిప్పుడెందుకు?" అన్నాడు. నేనూ బలవంతం చేయలేదు. ఆ తర్వాత నల్లాల దగ్గరికి వెళ్ళడం మానేశాను. కమిటీ ఇంటిపేరూ ఊరూ అడిగేది, నేను తాళం ఇచ్చేవాణ్ణి. మనసుకు పని తగ్గింది. ఉద్యోగం మిగిలిన కాలమంతా అట్లాగే జరిగిపోయింది, ఏ రోజుకు ఆ రోజు.

మూల ఖోలీలో గోదాం ఆయన కుటుంబం కొన్నాళ్ళు ఉన్నట్టే కనబడింది. తర్వాత ఫ్లాటుకే పోయారు. ఖోలీకి తాళం. ఆ తర్వాత పూర్ణ గోదాముల్లో పనిచేసే కుర్రాళ్ళు నలుగురైదుగురు అందులో పడుకోవడం మొదలుపెట్టారు. ఏ దేశం వాళ్ళో పాపం, పొద్దున్నే పోయి ఎప్పుడో వచ్చేవాళ్ళు. అడిగితే గోదాం ఆయన మా చుట్టాల పిల్లలు అన్నాడు. బడిలో ఆ ఖోలీ దక్కనామె కూతురు చదివిన తరగతిని మరుసటి ఏడు పక్క తరగతితో కలిపేశారు. ఆ ఇద్దరు పిల్లలు లేకనే కలిపారని నేననను. పోయినవాళ్ళు ఇంకా చాలామంది. అయినా ఆ గది ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఆ రెండు కిటికీలే కనబడేవి.

ఆమె శాంతి నగర్ దిక్కు పోయిందని మిస్త్రీ చెప్పాడు. వెళ్ళి చూడాలని అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని అని ఆగాను. రిటైరయ్యాక కూడా ఆగాను. శాంతి నగర్ ఎంత దూరం, ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. అంత దగ్గరగా ఉన్న చోటికి పోకుండా ఉండటానికి కూడా రోజూ కొంత ఓపిక కావాలి.

పోయిన వానాకాలం మా మిక్సీ చెడిపోతే, శాంతి నగర్‌లో ఒకతను బాగుచేస్తాడని మా ఆవిడ తరిమింది. ఆ గల్లీల్లో ఇంటింటికీ సాంచాలే, మోతకు తల పగిలిపోతుంది. ఉర్దూ, భోజ్‌పురి, మరాఠీ, అన్నీ కేకల మీదే నడుస్తాయి. మిక్సీ సంచీలో పెట్టుకుని బురద తప్పుకుంటూ పోతున్నాను. ఒక మలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

"ఓ సచ్చినోడా! గా తడి కాళ్ళతోని కండెల మీదికెల్లి పోతవా? బుద్ధి గడ్డి మేసిందా? మీ అమ్మ ఇదే నేర్పిందా నీకు?"

"తప్పైందత్తా! ఇంకొకపారి పోనత్తా!"

చూస్తే ఆ పిల్లవాడు ఆమె కొడుకు కాదు. నెత్తి మీద తెల్ల టోపీ, పక్కింటి గుమ్మంలో వాళ్ళమ్మ హిందీలో ఏదో అంటూ నవ్వుతూ నిలబడి ఉంది. ఆ టోపీ పిల్లవాడు నూలు చిక్కు తీస్తూ తెలుగులో బతిమాలుతున్నాడు. లోపలి నుంచి ఎదిగిన కూతురు గొంతు వినబడింది, "అమ్మా, చోడ్ దో నా ఉస్కో!" అని, వాణ్ణి వదిలెయ్యమంటూ. కూతురు హిందీలోకి పోయింది. పక్కింటి పిల్లవాడు తెలుగులోకి వచ్చాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అక్కడే బురదలో నిలబడిపోయాను. మూడు వరుసల చాళ్ళు పెట్టుకుని మేము చేయలేని పని ఈమె ఒక్క నోటితో ఇక్కడ చేస్తోంది, దాని మీద ఎవరి సంతకమూ లేకుండా.

తల తిప్పి నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆమె ఏమన్నా పడాలి అనుకున్నాను. మీరెవరు సార్ అంటుందేమో, దండం పెట్టి లోపలికి పోతుందేమో అని భయపడ్డాను. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందే అన్నా! ఇప్పుడు దొరికిందా నీకు తొవ్వ? శాంతి నగర్ ఏమన్న సముద్రం అవుతల ఉన్నదా? పిల్లలున్నరా, పోయిన్రా, ఒక్కనాడన్న అచ్చి అడిగినవా? ఇంతింత కండ్లేసుకొని నల్లా కాడ నిలవడ్డవ్ గద ఆనాడు, ఆ కండ్లు యాడ పోయినయ్? సిగ్గుండాలె మనిషన్నంక! ఇంక సూడు, ముసలోడైనా తెలివి లేదు, వాన్ల నెత్తి తడుపుకుంట ఎట్ల నిలవడ్డడో! జరమస్తే ఎవలు జూస్తరు? ఆ సంచి ఇటు పారేయ్. చెప్పులిడిసి లోపలికి రా!"

నా కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. వాన పడుతోంది కాబట్టి టోపీ పిల్లవాడికి తెలియలేదు. "అస్తున్ననే చెల్లె, ఎందుకు గట్ల ఒర్రుతవ్" అన్నాను.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.